అలరాజు రాయబారము

2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పల్నాడు జిల్లాలో, వినుకొండకు దక్షిణపు వైపున, నూజెండ్ల కలదు. ఆ యూరినుండి ఉత్తరమునకు పోవుచో వినుకొండ దాటిన పిమ్మట చాల దూరమునకు కారెంపూడి వచ్చును. పడమరకు పోవుచో త్రిపురాంతక ప్రాంతమున మేడపి వచ్చును. కారెంపూడి పల్నాటి వీరులు ఒరగిన చోటు. మేడపి యుద్ధమునకు ముందు వారు దేశము విడిచి తలదాచుకొన్న చోటు. ఈ రెంటి నడుమ ఒక రాయబారము నడచినది. యుద్ధము సంగతి అందఱెఱుగుదురు. బాలచంద్రుని పేరు వినని పల్నాటి బాలుడు ఉండడు. యుద్ధము లేకుండ చేయుటకై ఒంటిగా బయలుదేరి, మరలి రాని యువకుని పేరు మాత్రము అంతగా వినబడదు. అతడు అలరాజు.

అతని కథ తెలియవలెనన్న ముందు ఆ రాచకుటుంబము కథ తెలియవలెను.

ఉత్తరదేశమునుండి హైహయ వంశపు రాజగు అనుగురాజు తీర్థయాత్రకై తెలుగు సీమకు వచ్చెను. పూర్వులు చేసిన పాపమునకు గుర్తుగా అతడు నల్లని వస్త్రములు ధరించెననియు, మోటుపల్లి కడ సముద్రస్నానము చేయగా అవి తెల్లనయ్యెననియు కథకులు చెప్పుదురు. అతడు చందవోలును ఏలుచున్న వెలనాటి ప్రభువుల ఆడపడుచు మైలమాదేవిని పరిణయమాడి, పల్నాటి సీమను అరణముగా పొందెను. గురజాల అతనికి రాజధాని యయ్యెను. అతని వెంట వచ్చిన దొడ్డనాయుడు మంత్రి. దొడ్డనాయుని కుమారుడే బ్రహ్మనాయుడు.

అనుగురాజునకు భార్యలు మువ్వురు. మైలమాదేవి కొడుకు నలగామరాజు పెద్దవాడగుటచే తండ్రి పిమ్మట రాజయ్యెను. సవతి తల్లి కొడుకులు పెదమలిదేవుడు, పినమలిదేవుడు, బాలమలిదేవుడు. నలగామునకు కుడిభుజమై నిలిచిన తమ్ముడు నరసింగరాజు. సీమ చూడగా చిన్నది. దానిలో సగము రాతినేల. పాలు కోరువారు పెక్కుమంది. సవతుల బిడ్డలు ఒక గింజను పంచుకొన్నను పొట్టు మిగులునని పెద్దలు ఊరక యనలేదు.

చాలకాలము బ్రహ్మనాయుడే నలగామరాజునకు మంత్రిగా ఉండెను. అంతలో నాగమ్మ వచ్చెను. ఆమె గురజాల సమీపమున జిట్టగామాలపాడు నివాసిని. బాల్యముననే భర్తను పోగొట్టుకొన్నది. ఒకప్పుడు రాజు అలసి వచ్చిన వేళ ఆమె పరివారమున కెల్ల ఆతిథ్య మిచ్చి, అందులకు ప్రతిగా ఏడు గడియల మంత్రిత్వమును వరముగా పొందెనట. గడియ యనగా ఇరువదినాలుగు నిమిషములు. ఏడు గడియలు కలిపినను మూడు గంటలు నిండవు. ఆ కొద్ది వేళలో ఆమె చూపిన దక్షతకు నలగామరాజు విస్మితుడై పదవిని ఆమెకే నిలిపెను. నాటినుండి ఆమె నాయకురాలు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసి యున్నది. పల్నాటి కథను పాడినవారు బ్రహ్మనాయుని పక్షపు వీరులను దేవతలుగా కొలుచువారు. కావున వారి పాటలో నాయకురాలు కుటిలురాలుగనే కనబడును. కాని 12వ శతాబ్దిలో ఒక వితంతువు, రాచబంధుత్వ మేమియు లేనిది, తన బుద్ధిబలముచేతనే ఒక రాజ్యమునకు మంత్రిణి యగుట సామాన్య విషయము కాదు. ఆమె చేసిన తప్పులు చెప్పునపుడు ఈ సంగతిని మఱువరాదు.

బ్రహ్మనాయుడు ఆ కాలమునకు వింత మనిషి. అతడు మాచెర్ల చెన్నకేశవస్వామి భక్తుడు. అన్ని కులముల వారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. దానినే చాపకూడు అందురు. మాల కులమున పుట్టిన కన్నమదాసును కొడుకువలె పెంచి సేనానాయకుని చేసెను. ఇవి చాలమందికి కంటగింపయ్యెను. అన్నదమ్ముల కలహమునకు ఆచారముల కలహము కూడ తోడయ్యెను.

రాజ్యము రెండుగా చీలెను. నలగామరాజు గురజాలలో నిలిచెను. మలిదేవులు బ్రహ్మనాయునితో మాచెర్లకు పోయిరి. ఇంతటితో ఆగినను బాగుండెడిది. కాని కోడిపందెము వచ్చెను. బ్రహ్మనాయుని కోడి చిట్టిమల్లు, నాయకురాలి కోడి శివంగిడేగ. ఓడిన పక్షము ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని పణము. చిట్టిమల్లు ఓడెను. రెండు కోళ్ల కాళ్లకు కట్టిన కత్తుల మీద ఒక సీమ భవిష్యత్తును పెట్టిన ఆ పెద్దల వివేకమును ఏమందుము? నాయకురాలు మోసము చేసెనని పాట చెప్పును. మోసము జరిగినను జరుగకున్నను, అట్టి పణమునకు ఒప్పుకొన్న తప్పు ఇరువురిది.

మలిదేవులు మాట తప్పలేదు. భార్యాబిడ్డలతో, పశువులతో మాచెర్ల విడిచి మొదట మండాదిలో దిగిరి. అచ్చట వారి మందలపై పగవారు పడి ఆవులను చంపిరి. మందలను కాయు లంకన్న వానిని కాపాడబోయి ప్రాణములు విడిచెను. అక్కడ నిలువ వీలుగాక వారు మేడపికి చేరిరి. ఏడేండ్లు గడచెను.

గడువు ముగిసిన పిమ్మట వచ్చినది అసలు ప్రశ్న. మాచెర్లను తిరిగి అడుగవలెను. ఎవరు పోయి అడుగవలెను? బ్రహ్మనాయుడు పోయినచో నాయకురాలితో మాటకు మాట పెరుగును. మలిదేవులు పోయినచో తిరిగి వచ్చుట అనుమానము. అప్పుడు అందఱి దృష్టి అలరాజుపై నిలిచెను.

అలరాజు మలిదేవుల పక్షమున నుండిన కొమ్మరాజు కుమారుడు. కాని అతని భార్య పేరిందేవి ఎవరు? సాక్షాత్తు నలగామరాజు కూతురు. ఒక పక్షమునకు బిడ్డ, రెండవ పక్షమునకు అల్లుడు. మన యిండ్లలో అల్లుడు వచ్చినచో ఎంతటి కోపములో నున్న మామయైనను లేచి ఎదురు వచ్చును, కాళ్లకు నీళ్లిచ్చును. అల్లుని మాట కాదనుట కూతును కాదనుటయే యగును. బ్రహ్మనాయుడు ఈ సంగతి బాగుగా ఆలోచించియే అతనిని ఎన్నుకొనెను. గురజాల వాకిలి మూయబడక తెఱచి యుండు మనుష్యుడు మేడపిలో అతడొక్కడే.

భారతకథ చదివిన వారికి ఇచ్చట శ్రీకృష్ణ రాయబారము తలపునకు వచ్చును. పదుమూడేండ్లు గడపి పాండవులు తమ పాలు అడిగిరి. ఏడేండ్లు గడపి మలిదేవులు తమ పాలు అడిగిరి. పల్నాటి కథకు ఆంధ్ర భారతమను పేరు ఇందువలననే వచ్చినది. కాని ఒక భేదము కలదు. కృష్ణుని బంధింప జూచిన దుర్యోధనునకు అది సాధ్యము కాలేదు. కృష్ణుడు విశ్వరూపము చూపి తిరిగి పోయెను. అలరాజునకు చూపుటకు విశ్వరూపము లేదు. అతడు మనుష్యుడు.

గురజాల కొలువున అలరాజు చెప్పవలసిన మాట చెప్పెను. ఒడంబడిక ప్రకారము గడువు తీరెను. మాచెర్లను మలిదేవులకు ఈయవలెను. అడిగినది ధర్మమే. నలగామరాజు కొంత మెత్తబడినను నాయకురాలు ఒప్పుకొనలేదు. ఒకసారి మాచెర్ల చేతికి వచ్చిన పిమ్మట బ్రహ్మనాయుడు గురజాలను మాత్రము విడుచునా యని ఆమె శంక. రాజనీతి దృష్టితో చూచినచో ఆ శంక పూర్తిగా నిరాధారము కాదు. కాని శంక యుండుట వేఱు, దానికై చేసిన పని వేఱు.

రాయబారము విఫలమయ్యెను. అలరాజు తిరుగు ప్రయాణమయ్యెను. గురజాల దాపుననున్న చర్లగుడిపాడు కడ అతడు విషప్రయోగముచే మరణించెను. అది నాయకురాలి తంత్రమనియు, నరసింగరాజు చేతి పని యనియు పాట చెప్పును. దూతను చంపరాదనుట ఎల్ల దేశముల నీతి. రామాయణములో లంకాధిపతి కొలువున సైతము హనుమంతుని చంపరాదని విభీషణుడు వారింపగా రావణుడు ఆగెను. గురజాల కొలువున వారించిన వాడు లేకపోయెను.

పేరిందేవి సంగతి ఇంతకంటె దుర్భరము. భర్తను చంపించినది తన పుట్టినింటి వారు. ఏడ్చుటకు పుట్టినిల్లు లేదు, పోవుటకు మెట్టినిల్లు లేదు. ఆమె భర్త చితిలో ప్రవేశించెనని కథ. పాడువారు దీనిని మహాపతివ్రత చేసిన పనిగా పొగడుదురు. సహగమనము ఆ కాలపు దురాచారము; అది 1829లో వంగరాష్ట్రమున, మరుసటి సంవత్సరమున మద్రాసు రాజధానిలో శాసనముచే నిషేధింపబడినది. ఆ చితిని పొగడుటకంటె, దానిని పేర్చిన వారెవరని అడుగుట మేలు. నలగామరాజు ఒక్క దినముననే అల్లుని, కూతును పోగొట్టుకొనెను. మాచెర్ల మాత్రము అతని చేతనే యుండెను.

ఆ సమయమున పడమటి దేశములలో ఏమి జరుగుచుండెనో చూచుట ఆసక్తికరముగా ఉండును. ఐర్లండు ద్వీపములో లెన్‌స్టరు అను సీమను ఏలుచున్న డెర్మట్ మక్‌మరో అను రాజునకు పొరుగు ప్రభువుతో పాత పగ యుండెను. 1166లో శత్రువులు అతనిని రాజ్యమునుండి వెడలగొట్టిరి. అతడు సముద్రము దాటి నార్మను వీరుల సాయము కోరెను. వారిలో ముఖ్యుడు రిచర్డ్ డి క్లేర్. స్ట్రాంగ్‌బో అను పేర చరిత్రలో ప్రసిద్ధుడు. 1170లో అతడు సేనతో దిగి, డెర్మట్ కుమార్తె ఈఫాను పెండ్లాడెను. మరుసటి యేట మామ చనిపోగా రాజ్యము నాదే యనెను. అదే యేడు ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ తానే పెద్ద సేనతో వచ్చి ఆ ద్వీపముపై అధికారము స్థాపించుకొనెను. ఇంటి పగకు పరాయి కత్తిని పిలిచిన ఫలము అది. అచ్చట అల్లుడు యుద్ధమునకు సాధనమయ్యెను. ఇచ్చట అల్లుడు శాంతికి సాధనముగా వచ్చెను. వచ్చిన వానిని గురజాల నిలుపుకొనలేకపోయెను.

అలరాజు మరణవార్త మేడపికి చేరగనే కొమ్మరాజు దుఃఖము కట్టలు తెంచుకొనెను. నరసింగరాజు తల కావలెనని అతడు పట్టుబట్టెను. కొడుకును పోగొట్టుకొన్న తండ్రికి శాంతి మాటలు చెప్పగల వాడెవడు? ఇంతవరకు సంధి కోరిన బ్రహ్మనాయుడును ఇక కాదనలేకపోయెను. మాచెర్ల కొఱకైన తగవు ఇప్పుడు ఒక తల కొఱకైన తగవయ్యెను. భూమి తగవునకు మధ్యవర్తులుందురు, కొలతలుండును, హద్దురాళ్లుండును. నెత్తుటి తగవునకు హద్దురాయి యేది?

ఇరుపక్షముల సేనలు నాగులేటి యొడ్డున కారెంపూడి కడ దిగెను. చరిత్రకారులు దీనిని 12వ శతాబ్ది చివరి పాదమున, 1180 ప్రాంతమున జరిగినదిగా నిర్ణయించిరి.

బాలచంద్రుడు అప్పటికి ఇంటనే ఉండెను. అతడు బ్రహ్మనాయునికి ఒక్కగానొక్క కొడుకు. తల్లి ఐతాంబ అతనిని యుద్ధపు మాట వినబడకుండ పెంచుచుండెను. ఒకనాడు చెలికాండ్రతో బొంగరము లాడుచుండగా అతని బొంగరము అన్నమ్మ యను వైశ్య వనిత కాలికి తగిలి గాయమయ్యెను. నీ వారందఱు రణరంగమున నుండగా నీవిచ్చట బొంగరము లాడుచున్నావా యని ఆమె ఎత్తిపొడిచెను. ఆ మాటతో అతని ఆట ముగిసెను. తల్లి అడ్డు చెప్పి చెప్పి చివరకు దీవించెను. భార్య మాంచాలను అతడు అంతవరకు పట్టించుకొని యుండలేదు. ఆమె నిష్ఠురమాడక వీరతిలకము దిద్ది, కత్తి చేతికిచ్చి పంపెను.

బాలచంద్రుని వెంట వేఱు వేఱు కులములకు చెందిన తమ్ములు బయలుదేరిరి. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. బ్రాహ్మణుడు యుద్ధమున చచ్చినచో ఆ పాపము తనదగునని బాలచంద్రుడు భయపడెను. మఱచిపోయిన వస్తువును తెమ్మను నెపముతో అతనిని వెనుకకు పంపి, తాను మిగిలిన వారితో ముందుకు సాగెను. అనపోతు తిరిగి వచ్చి చూచి, తనను విడిచి పోయిరని గ్రహించి, అచ్చటనే ఆత్మహత్య చేసికొనెను. చాపకూడు తిన్నవారిలో ఒకనికి చావులో పాలు లేదని చెప్పుట ఎంతటి గాయమో ఆ వీరబాలునకు తోచలేదు. అతడు దయతో చేసిన పని యది. కాని దయ కూడ ఒక్కొక్కప్పుడు అవమానమువలె తగులును.

బాలచంద్రుడు కారెంపూడి చేరునప్పటికి పెద్దలు మరల సంధి మాటలలో ఉండిరి. ఇది గమనింపదగినది. ఇంత జరిగిన పిమ్మటను వారిలో కొందఱికి యుద్ధము వలదని తోచెను. కాని అలరాజు హత్యకు ప్రతీకారము లేకుండ సంధి యేమని బాలచంద్రుడు నిలదీసెను. కుఱ్ఱవాని మాటకు పెద్దల నోరు మూతపడెను. సంధికై చచ్చిన వాని పేరు సంధిని చెఱచుటకు వినియోగపడెను. ఆ మాట అన్న బాలచంద్రుని నిందింపలేము. అతనికి తోచిన ధర్మమది.

యుద్ధము సాగెను. బాలచంద్రుడు నరసింగరాజును చంపెను. తానును రణరంగముననే ఒరగెను. ఇరువైపుల పేరుగల వీరులలో మిగిలినవారు బహు కొద్దిమంది. ముగింపు మఱియు వింత. గెలిచినదెవరు? బ్రహ్మనాయుడు నలగామరాజును చంపలేదు. రాజ్యమును అతనికే అప్పగించి, తాను గుత్తికొండ బిలమున ప్రవేశించెనని చెప్పుదురు. కొడుకు పోయెను, మలిదేవులు పోయిరి, మాచెర్ల అడుగువారే లేకపోయిరి. ఎవరి వద్దనుండి తీసికొనవలెనని ఇంత రక్తము పాఱినదో వారి చేతిలోనే రాజ్యము మిగిలెను. వెలనాటి ప్రభువుల బలమును ఈ కాలముననే సన్నగిల్లసాగెను. ఓరుగల్లున కాకతీయులు పెరుగుచుండిరి. 1199లో సింహాసన మెక్కిన గణపతిదేవుడు కొలది యేండ్లలో వెలనాటిని తన రాజ్యమున కలుపుకొనెను. నలుగురన్నదమ్ములు కొట్టుకొన్న పొలము అయిదవవాని మడిలో చేరెను.

ఈ కథను శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రమను పేర మంజరీ ద్విపదలో రచించెనని ప్రతీతి. దానిని అక్కిరాజు ఉమాకాంతము పరిష్కరించి 1911లో ప్రకటించెను. కాని గ్రంథములో ఎక్కినదానికంటె నోటిలో నిలిచినది పెద్దది. కత్తి డాలు పట్టి ఈ కథను పాడువారిని వీరవిద్యావంతులందురు. వారు తరతరములుగా ఎక్కువగా మాల కులమునకు చెందినవారు. వారి పాటను సేకరించి అమెరికా దేశపు పండితుడు జీన్ రోఘైర్ 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను.

ఏటేట కార్తిక మాసపు అమావాస్య నాడు కారెంపూడి వీరుల గుడి కడ ఉత్సవము మొదలగును. అయిదు దినములు జరుగు ఆ ఉత్సవమున దినమున కొక పేరు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కథలో కోడిపోరు ముందు జరిగెను, రాయబారము తరువాత. ఉత్సవములో రాయబారము ముందు వచ్చును, కోడిపోరు తరువాత. ఊరూర నుండి వీరుల ఆయుధములను ఎత్తుకొని జనము వచ్చెదరు. వానిని నాగులేటి గంగధారి మడుగున కడిగి గుడికి చేర్చెదరు. రెండవ దినమున వీరవిద్యావంతులు అలరాజు కథ ఎత్తుకొందురు. అతడు మేడపినుండి బయలుదేరుట, మామ కొలువున నిలిచి మాచెర్ల నడుగుట, చర్లగుడిపాడున పడిపోవుట, పేరిందేవి విలపించుట, అన్నియు పాడుదురు.